అంతయ్యది కాని కాలు

మా పెద్దవ్వ లింగవ్వ పేరు మా ఊళ్లో ఎత్తి చూడండి. "పటేలు ధోతి ఖరాబు చేసిన లింగవ్వనా?" అని నవ్వుతారు. ఇన్నేళ్లయినా ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ధోతి సంగతి అందరికీ గుర్తుంది. ఆ ధోతి కట్టుకున్నవాడు ఆ రోజు మా పెద్దబాపు గుడిసె ముందర కూర్చుని ఏం చేయించాడో మాత్రం ఒక్కడికీ గుర్తు లేదు. ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానల్లో నర్సుగా చేసినదాన్ని, నోరు మూసుకుని కూర్చునే అలవాటు నాకు లేదు. అందుకని చెప్తున్నాను.

లింగవ్వ మొగుడు, మా బాపుకు అన్న, మా పెద్దబాపు పేరు అంతయ్య. సుల్తానాబాద్‌కు నాలుగు కోసుల దూరంలో మా ఊరు. ఆయన లక్ష్మీరాజం పటేలు దగ్గర జీతం ఉండేవాడు. జీతం అంటే ఇప్పటివాళ్లు నెలజీతం అనుకుంటారు. కాదు. ఉగాది నాడు మాట ఇస్తే మళ్లీ ఉగాది దాకా ఆ మనిషి కాళ్లూ చేతులూ పటేలువి. నడుమ పడిపోయినా, జబ్బు చేసినా అదే ఇంట్లోంచి ఇంకో మనిషి బదులు రావాలి. అది కట్టుబాటు. ఈ కట్టుబాట్లు పెట్టినవాళ్లలో ఒక్కడన్నా ఏనాడైనా మోట తోలాడా అని నాకు అనుమానం.

మోట ఎట్లా తోలుతారో చూసినవాళ్లు తగ్గిపోయారు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. బావి గడ్డ మీంచి ఎద్దులు వాలు దిగుతుంటే నీళ్లతో నిండిన బొక్కెన పైకొస్తుంది. ఎద్దులకూ బొక్కెనకూ మధ్య ఉండే లావు తాడు మోకు. ఎద్దులు దిగేటప్పుడు తోలేవాడు ఆ మోకు మీద ఎక్కి కూర్చుంటాడు. తన బరువు కూడా కలిస్తే ఎద్దులకు లాగడం సులువు. అంటే మనిషి ప్రాణం ఆ తాడు మీద ఉంటుందన్నమాట. 1960లో ఉగాది అయి నెల తిరగలేదు, చివరి తడులు పెడుతున్నారు. మోకు పీచు లేచిపోయిందని అంతయ్య రెండుసార్లు పోయి చెప్పాడు. "గీ పంట ఎల్లనీ, కొత్తది తెద్దాం" అన్నాడు పటేలు. ఎద్దు పుండు కాకికి నొప్పా? మూడో నాడు పొద్దున మోకు పుటుక్కున తెగింది. అంతయ్య వెల్లకిలా పోయి వాలు పక్కన ఉన్న బండ మీద పడ్డాడు. చెయ్యి నేలకు ఆనించి లేవబోయాడట. నడుము పైన లేచింది, కింద లేవలేదు.

బండిలో సుల్తానాబాద్ దాకా, అక్కణ్నుంచి బస్సులో పలక మీద కరీంనగర్ దాకా తీసుకుపోయారు. డాక్టరు చూసి, వెన్నుపూసల నడుమ తలలోంచి దిగే నరాల తాడు ఉంటుందనీ, అది నలిగిపోయిందనీ, నడుము కింద ఇక మాట వినదనీ చెప్పాడు. అక్కడ గంగుబాయి అని ఆదిలాబాద్ వైపు నర్సమ్మ ఉండేది. అసలు చదువు లింగవ్వకు చెప్పింది ఆమె.

"రెండు గంటలకోసారి పక్క మార్చాలె. మార్చకుంటె వీపు మీద పుండు పడ్తది, పుండు బొక్క దాక పోతది. గిసోంటోళ్లను సంపేది నడుము గాదు, పుండు," అంది గంగుబాయి. బొక్క అంటే మా వైపు ఎముక. పొత్తికడుపు మీద ఎక్కడ తట్టితే ఆగిన మూత్రం దిగుతుందో కూడా, సిగ్గుపడకుండా చెయ్యి పట్టుకుని నేర్పింది.

లింగవ్వ ఇంట్లో గడియారం ఎక్కడిది? ఆమెకు బీడీల పని వచ్చు. పొద్దున చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని కూర్చుంటే చీకటి పడేదాకా చేతులు ఆగవు. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. ఎనిమిది కట్టలైతే రెండు గంటలు దాటుతున్నాయని ఆమె ఎండ నీడ చూసి కనిపెట్టింది. ఇక అంతే. మంచం పక్కన చాట, ఎనిమిదో కట్టకు దారం చుట్టగానే లేచి పక్క మార్చడం, మళ్లీ కూర్చోవడం. మా దవాఖానల్లో గోడకు గడియారం, మంచానికి టైము పట్టీ పెట్టుకుని కూడా పక్క మార్చని వాళ్లను ఎంతమందిని చూశానో. ఈమె ఆకు కత్తిరించే కత్తెరతో ఎనిమిదేళ్లు నడిపింది.

మొదటి రెండు నెలలు ఆ కాళ్లు తడిసిన గోనెసంచుల్లా పడి ఉండేవి. మూడో నెలలో ఒకనాడు తడిబట్టతో అరికాలు తుడుస్తోంది. ఎడమకాలు మోకాలు దగ్గర ముడుచుకుని గుంజుకుంది. లింగవ్వ చేతిలో బట్ట అక్కడే పడేసింది. పడేసి, నేరుగా వాకిట్లోకి ఉరికి, వాడలో పది ఇళ్లకు చెప్పింది. "మా ఇంటాయన కాలు గుంజుకున్నడు, అంజన్న సల్లగ సూసిండు, కొండగట్టుకు పోయి కొబ్బరికాయ కొడ్త" అని ఎదురైన వాళ్లందరికీ చెప్పింది. ఆమె చేసిన తప్పు ఏదన్నా ఉంటే ఇదొక్కటే. సంతోషపడింది.

ఇంటికి తిరిగొచ్చేసరికి అంతయ్య అడిగాడు. "గట్ల ఉరికితివి, ఏమైంది?"

"నువ్వు కాలు గుంజుకున్నవు గద."

"నేనా? ఎప్పుడు?"

లింగవ్వ తువాల తీసి ఆయన కళ్ల మీద వేసింది. ఎడమ పాదం గట్టిగా గిచ్చింది. కాలు ఎగిరిపడింది. "ఏ కాలు గిచ్చిన?" అని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, ఆమెను నొప్పించడం ఇష్టం లేక, "కుడిదా?" అన్నాడు. మళ్లీ గిచ్చింది. మళ్లీ ఎగిరింది. ఈసారి ఆయన "నాకు తెల్వదే లింగా" అన్నాడు. ఆమె తువాల తీసేసి, కాలు సరిగ్గా పెట్టి, చాట ముందు కూర్చుంది. ఆ పూట ఎనిమిది కట్టలకు మూడు గంటలు పట్టిందని నాకు తర్వాత చెప్పింది.

నేను చదువుకున్నాక దీని లెక్క తెలిసింది. అరికాలికి ఏదన్నా తగిలితే ఆ కబురు వెన్నులోకి పోతుంది, "గుంజుకో" అనే హుకుం అక్కడికక్కడే తిరిగొస్తుంది. తల దాకా పోయే పనే లేదు. మనందరికీ అంతే. కాకపోతే మంచిగున్న మనిషికి తల ఒకటి పైన ఉండి, "ఆగు, ఊరికే ఎగరకు" అని అదుపు చేస్తుంటుంది. తాడు నలిగితే ఆ అదుపు కిందికి దిగదు. దెబ్బ తగిలిన కొత్తలో వెన్ను మొద్దుబారి ఉంటుంది, కొన్నాళ్లకు తేరుకుంటుంది. అప్పుడు కాలు మామూలు మనిషి కాలు కంటే జోరుగా ఎగురుతుంది. ఎగిరిన సంగతి ఆ మనిషికి తెలియదు, ఆపాలన్నా ఆపలేడు. అంటే కాలు ఎగరడం బాగైన గుర్తు కాదు, పైనుంచి కబురు తెగిపోయిన గుర్తు. ఇదంతా నేను ఒకసారి పుస్తకం పట్టుకుని వివరంగా చెప్పబోతే పెద్దవ్వ బీడీ చుడుతూనే, "గా ముచ్చట నాకు కోడి ఎన్నడో చెప్పింది తియ్" అంది.

పది ఇళ్లకు చెప్పిన మాట పదకొండో ఇంటికి పోకుండా ఉంటుందా? లక్ష్మీరాజం పటేలుకు చేరింది. ఆయన అప్పటికే పంచాయతీ సమితిలో మెంబరయ్యాడు. ఖద్దరు ధోతి, ఖద్దరు అంగీ, మీటింగుల్లో పేదవాళ్ల మీద ప్రేమ. పడ్డనాడు చూడటానికి రాని మనిషి, కాలు కదిలిందనగానే వచ్చాడు. మంచం పక్కన నిలబడి చేతికర్రతో పాదాన్ని ఒక్క పోటు పొడిచాడు. కాలు ఎగిరింది.

"ఇగ సాలు అంతయ్యా. మూడు నెలలు ఆరాం చేసినవు. రేపటి సంది రా," అన్నాడు.

"పటేలా, అది నేను కదిపింది గాదు," అన్నాడు అంతయ్య.

"మరి ఎవడు కదిపిండు, మా తాతనా?"

లింగవ్వ అడ్డం వచ్చింది. పటేలు ఆమె వైపు చూశాడు. "ఆయన రాకుంటె నువ్వు రా. మాట మాటే. ఉగాది దాక మీ ఇంటి మనిషి నా కాడ ఉండాలె."

ఇదీ సంగతి. ఆమె పోవాలి. పొద్దు పొడవకముందే పోయి, పెండ తీసి, చేన్లో ఒంగి, పొద్దుమూకినాక రావాలి. పన్నెండు గంటలు. మంచంలో ఉన్నవాణ్ని అటు నుంచి ఇటు తిప్పేవాళ్లు ఎవరు? పిల్లలు లేరు. మా బాపు బతుకుదెరువుకు బెల్లంపల్లి బొగ్గుబాయికి పోయాడు, మేమంతా అక్కడే ఉన్నాం. ఆమె పోయిన నెల రోజుల్లో పుండు పడుతుంది, పుండు బొక్క దాకా పోతుంది. గంగుబాయి చెప్పిన మాట ఆమెకు అక్షరం అక్షరం గుర్తుంది. పటేలుకు బదులు మనిషి కావాలి. ఆ బదులు ఖరీదు అంతయ్య ప్రాణం.

"నేను రాను," అంది.

"అయితె పంచాయితీల చెప్పు," అని పటేలు పోయాడు.

ఆదివారం నాడు కులపెద్దలు వాళ్ల వాకిట్లోనే కూర్చున్నారు, అంతయ్యను మోసుకుపోవడం కుదరదు కాబట్టి. పెద్దమనిషి ముత్తయ్య. నలుగురు పెద్దలు, పటేలు, పటేలు వెంట తిరిగే వెంకటి, చుట్టూ వాడ వాడంతా. పంచాయితీ ఎవరి వాకిట్లో జరిగితే వాళ్లే కోడి కోయాలి, అదీ ఒక కట్టుబాటు. తన మొగుడి ప్రాణం మీద తీర్పు చెప్పడానికి వచ్చినవాళ్లకు తనే కూర వండి పెట్టాలన్నమాట. ఉన్న ఒక్క పెట్టనూ కాళ్లు కట్టి మంచం కోడుకు వేసి ఉంచింది.

పటేలు చెప్పేది చెప్పాడు. పెద్దలు తలలూపారు. లింగవ్వ వంతు వచ్చింది.

"ముత్తయ్య మామా, ఆయనకు నడుము కింద తెల్వి లేదు. నా మాట నమ్మకున్రి. కండ్లకు తువాల కడ్త. పాదం జర గిచ్చున్రి, ఏ కాలు గిచ్చిండ్రో అడుగున్రి. చెప్తె నేను ఇప్పుడే పటేలు ఎంట పోత."

ముత్తయ్య సరే అన్నాడు. లింగవ్వ తన చేతులతో తనే అంతయ్య కళ్లకు తువాల కట్టింది. ముడి వేసి ఇటు తిరిగేలోపు పటేలు నోట్లోని చుట్ట తీసి వెంకటి చేతికిచ్చాడు. గిచ్చడం వేరు, కాల్చడం వేరు కదా. నిజం బయటపడాలంటే నిప్పే మంచిదని వాళ్ల తెలివి. వెంకటి చుట్ట కొసను ఎడమ అరికాలికి ఆనించి నొక్కిపెట్టాడు.

కాలు గుంజుకుంది. మోకాలు కడుపు దాకా లేచింది.

జనం గొల్లున నవ్వారు. "దొరికిండు బిడ్డ" అన్నాడొకడు. "మొద్దు కాలు గింత జోరుగ ఎగురుతదా?" అని పక్కవాడి చెవిలో అన్నాడు ఇంకొకడు. పటేలు పెద్దల వైపు చూసి చేతులు చాపాడు, చూశారా అన్నట్టు.

నవ్వు ఆగినాక మంచంలోంచి అంతయ్య గొంతు వినబడింది. "అందరు నవ్వుతున్నరు, ఎందుకు? ఇగ కానియ్యున్రి. పరీచ్చ మొదలు వెట్టున్రి."

అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తోలు కాలిన వాసన చుట్ట పొగలో కలిసి వస్తోంది, ఆ తోలు సొంతదారు ఇంకా మొదలుపెట్టలేదా అని అడుగుతున్నాడు. ఆ ఒక్క మాటకు నలుగురు పెద్దలూ లేచి దండం పెట్టి పోవాల్సింది. వాళ్లేమన్నారో తెలుసా? "ఏం నటన చేస్తుండు" అన్నారు. ముత్తయ్య కూడా నేల చూస్తూ, "లింగవ్వా, కాలు గుంజుకున్నడు. నలుగురం సూసినం. రేపటి సంది నువ్వు జీతానికి పోవాలె" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు పటేలు కంటే ముత్తయ్య మీదే కోపం ఎక్కువ. పటేలుకు లాభం ఉంది. ఈయనకేముంది?

లింగవ్వ ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. కత్తి తెచ్చింది. "తీర్పయింది గద మామా, మీకు కోడి బాకీ ఉన్న" అంది. పెట్ట కాళ్లు విప్పి, అక్కడే అందరి ముందర మెడ కోసి తల ఓ పక్కకు పడేసి, మొండేన్ని పెద్దల నడుమ వదిలేసింది.

మీరూ చూసే ఉంటారు. తల లేని కోడి లేచింది. రెక్కలు కొట్టుకుంటూ, కాళ్లు తన్నుకుంటూ ఎగిరింది. పెద్దలు అటు ఇటు జరిగారు. అది పటేలు ఒళ్లోకి దూకి, ధోతి మీద నెత్తురు చిమ్మి, కింద పడి మళ్లీ లేచి, వెంకటి కాళ్ల సందులోంచి ఉరికింది.

లింగవ్వ పటేలు ముందుకు పోయి నిలబడింది.

"పటేలా, గీ కోడికి నెత్తి లేదు. కాళ్లు మాత్రం మస్తుగ ఉరుకుతున్నయి. నటిస్తున్నదేమో అడుగు. మంచిగున్నదని మోటకు కట్టుకపో. నా పెనిమిటి కాళ్లు గూడ గంతే. నెత్తి ఆడున్నది, కాళ్లు ఈడున్నయి, నడుమ తాడు తెగింది. గా తాడు ఎందుకు తెగింది? నీ మోకు తెగింది గనుక తెగింది. మోకు పీచు లేసిందని రెండుసార్లు వచ్చి చెప్పిన మనిషి గీ మంచంల ఉన్నడు. నేను నీ ఎంట వస్తె నెల దినాలల్ల సస్తడు. గప్పుడు సుత కాలు గుంజుకుంటడేమో సూసి, జీతానికి తోలుకపోతవా?"

కోడి పొయ్యి దగ్గర పడి ఇంకో రెండుసార్లు తన్నుకుని ఆగింది. కోడి కోయడం చూడనివాడు ఆ వాకిట్లో ఒక్కడూ లేడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కానీ ఆ కాళ్లకూ ఈ కాళ్లకూ ముడి వేయాలని ఎవరి బుర్రకూ తట్టలేదు.

ముత్తయ్య తల ఎత్తాడు. "పటేలా, ఆడిమనిషి మాట్ల నాయం ఉన్నది. గా కాలు ఇప్పుడు అంతయ్యది గాదు. లింగవ్వ జీతానికి రాదు. నువ్వు వేరే మనిషిని సూస్కో," అన్నాడు. పటేలు ధోతి దులుపుకుంటూ లేచిపోయాడు. తీర్పు పోయినందుకు కాదు, ధోతి పోయినందుకే ఆయన పరేషాన్.

జనం కదిలారు. పోతూ పోతూ వెంకటి ఆ కోడిని ఎత్తుకున్నాడు, కట్టుబాటు కట్టుబాటే కదా. సాయంత్రం ముత్తయ్య ఇంట్లో వండుకుని తిన్నారు. ఎంత రుచిగా ఉండి ఉంటుందో.

కళ్లకు కట్టిన తువాల విప్పుతుంటే అంతయ్య అడిగాడు. "ఏం చేసిండ్రే పాదానికి?"

"ఏం లేదు. కోడి ఈక తోని గీసిండ్రు," అంది లింగవ్వ.

బొబ్బ రూపాయి బిళ్లంత లేచింది. నొప్పి తెలియని చోట గాయం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నెత్తురు సరిగ్గా ఆడదు, మానదు, లోపలికి తింటుంది. వేపాకు నీళ్లతో కడిగింది, దవాఖాన మందు తెప్పించింది, మంచం మీంచి పాదం బయటికి వేలాడేట్టు పెట్టి ఏదీ తగలకుండా కాపాడింది. మానడానికి అయిదు నెలలు పట్టింది. పుండు పడకూడదని అంత కొట్లాడిన మనిషి ఇంట్లోకి పుండును వాళ్లు చేతులతో తెచ్చి పెట్టి పోయారు. రోజూ కట్టు కడుతుంటే అంతయ్య, "గిదెక్కడి పుండే?" అనేవాడు. "నులకకు ఒరుసుకపోయింది" అనేది.

ఎందుకు చెప్పలేదని నేను పెద్దయ్యాక అడిగాను. "చెప్తె ఏం చేస్తడు బిడ్డా, పండుకోని కుములుతడు. కండ్లకు తువాల కట్టింది సుత నేనే నాయె," అంది. ఆ రెండో మాట అనేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు.

తెలియకపోవడం వల్ల ఇంకో ఘోరం జరిగింది. అంతయ్యకు పటేలు మంచివాడైపోయాడు. చూడవచ్చిన ప్రతివాడితోనూ, "పటేలు మంచోడే. కట్టుబాటు ఉన్నా పెద్దలు చెప్పంగనె లింగవ్వను ఇడిసిపెట్టిండు. ఆయన ధర్మాన బతికిన" అనేవాడు. లింగవ్వ పక్కనే కూర్చుని బీడీలు చుడుతూ ఆ మాట వినేది. ఒక్కసారి కాదు. ఎనిమిదేళ్లు వింది. నేనైతే ఎనిమిది నిమిషాలు ఆగేదాన్ని కాదు.

1968లో వానలు మొదలైనాక మూత్రంలో చీము పట్టి, చలిజ్వరం వచ్చి అయిదు రోజుల్లో పోయాడు. మేము బెల్లంపల్లి నుంచి వచ్చేసరికి వాకిట్లో స్నానం పోస్తున్నారు. నేను అప్పటికి నర్సు పనికి కొత్తగా చేరాను. ముందు వీపు చూశాను. ఎనిమిదేళ్లు మంచంలో ఉన్న మనిషి వీపు మీద, పిరుదుల మీద, మడమల మీద ఒక్క పుండు మచ్చ లేదు. అటువంటిది నేను మళ్లీ చూడలేదు, ముప్పై ఏళ్లలో ఒక్కటంటే ఒక్కటి చూడలేదు.

పటేలు కూడా వచ్చాడు. అప్పటికి జుట్టు నెరిసింది. కొత్త బట్ట తెచ్చి శవం మీద కప్పాడు. నలుగురికీ వినబడేట్టు, "అంతయ్యకు నేనంటె పానం. సచ్చేదాక నా పేరే చెప్పుకున్నడు" అన్నాడు.

లింగవ్వ అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లేచి మంచం దగ్గరకు వచ్చింది. పటేలు కప్పిన బట్టను కాళ్ల వైపు నుంచి పైకి తీసింది. ఎడమ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, అరికాలి మీది కాలిన మచ్చ పటేలు వైపు తిరిగేట్టు పెట్టింది. పటేలును ఒక్క మాట అనలేదు. ఒంగి, చచ్చిపోయిన మొగుడి చెవి దగ్గర, వాకిలంతా వినబడేట్టు చెప్పింది.

"ఇగో, ఇను. ఎనిమిదేండ్లు నీకు అబద్ధం చెప్పిన. నీ కాలు నులకకు ఒరుసుకపోలే. కండ్లకు తువాల నేను కట్టిన. సుట్ట పటేలు ఇచ్చిండు. వెంకటి కాల్చిండు. అందరు నవ్విండ్రు. నీకు తెల్వలే, వీళ్లందరికి తెలుసు."

ఆమె పటేలు బట్ట మడిచి ఆయన చేతిలో పెట్టి, తన పాత చీరె పాదాల మీద కప్పి, ఇక లేపమని మోసేవాళ్లకు చెప్పింది.